పెంట తోలే చేతులు, కుప్ప కింద కూలీలు

నేలకొండపల్లి అంటే చాలామందికి రామదాసు, బౌద్ధ స్తూపం గుర్తొస్తాయి. నాకు మాత్రం ఎండాకాలం పెంట తోలకం మీదే మనసు. వానలు పడకముందే కుప్పలు తవ్వి పొలాలకు చేర్చాలి. ఫొటోలకు ఎక్కని పని ఇది. చేయి తిరిగిన మనిషి పిడికెడు తీసి, నలిపి, వాసన చూస్తాడు. నల్లగా పొడిపొడిగా రాలితే మాగినట్టు, ఘాటు కొడితే ఇంకా పచ్చిదే. పచ్చిది చల్లితే కలుపు కూడా చల్లినట్టేనని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

పార దిగిన తడి అడుగున నువ్వుగింజ కన్నా చిన్న తెల్లటి జీవులు చటుక్కున ఎగురుతాయి. ఇవే స్ప్రింగ్‌టెయిళ్లు. ఆరు కాళ్లున్నా శాస్త్రవేత్తలు ఇప్పుడు వీటిని కీటకాల్లో కలపడం లేదు. పొట్ట కింద మడిచి కొక్కేనికి తగిలించిన చీలిక తోక ఉంటుంది. కొక్కెం విడిందా, ప్రాణి గాల్లోనే! బూజును, కుళ్లే ఆకును తింటాయి, మనల్ని కుట్టవు. స్కాట్లండ్‌లో దొరికిన వీటి శిలాజం వయసు దాదాపు 40 కోట్ల ఏళ్లు. పలచని చర్మంతోనే ఊపిరి పీలుస్తాయి గనుక తడి ఆరితే బతకవు. కుప్పను నీడన పెట్టి నీళ్లు చిలకరించే రైతు దగ్గరే ఇవి దండిగా కనిపిస్తాయి.

వీటిలోనే ఒక జాతి అయిన ఫోల్సోమియా కాండిడాకు కళ్లు లేవు, మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది. మట్టిలో విషం తేల్చడానికి ప్రయోగశాలలు దీన్ని 28 రోజులు అందులోనే ఉంచి, పుట్టిన పిల్లల్ని లెక్కపెడతాయి. మిరపకూ పత్తికీ మందు మీద మందు కొట్టే మా చేల మట్టినీ ఓసారి అలా పరీక్షకు పెట్టాలని నా కోరిక.