గిరిజన విద్యార్థియు తెలుగు పాఠ్యప్రణాళికయు

గిరిజనుల విద్యను గూర్చి మన దేశమున జరుగు చర్చ సాధారణముగా వసతిగృహములు, ఉపకారవేతనములు, హాజరుపట్టీలు, ఉత్తీర్ణుల సంఖ్య అను నాలుగు విషయముల చుట్టును తిరుగుచుండును. ఇవి అవసరములే. కాని తెలుగు శాఖలవారు విచారింపవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. కొండప్రాంతమునుండి వచ్చిన విద్యార్థికి మనము చెప్పు తెలుగు పాఠమున అతని భాషకును, అతని వారి చరిత్రకును చోటున్నదా? లేనిచో ఆ లోపమువలన నష్టపడుచున్నది ఆతడొక్కడేనా, తెలుగు అధ్యయనము సయితమా? ఈ రెండు ప్రశ్నలను మేమిచ్చట పరిశీలింప దలచితిమి.

ఈ విషయమున మనకు పూర్వోదాహరణము లేకపోలేదు. గిడుగు వేంకట రామమూర్తిగారిని (1863-1940) వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ప్రతి తెలుగు విద్యార్థియు ఎఱుగును. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్న కాలమున వారు సవరభాషను సవరల నోటనే విని నేర్చిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి. సవర బాలురకు వారి పలుకులోనే చదువు చెప్పించిరి. వారి సవర వ్యాకరణము 1931లో మద్రాసులో అచ్చయ్యెను. తరువాత నిఘంటువును వెలువడెను. మన సాహిత్య చరిత్రలు ఈ రెండు కృషులను విడదీసి చూపును. వ్యావహారికవాదమునకు ప్రకరణములు గలవు. సవర కృషికి జీవితచరిత్రలో ఒకటి రెండు వాక్యములు దక్కును. మా అభిప్రాయమున రెండింటికిని మూలసూత్ర మొక్కటియే. పిల్లవాడు నోట పలుకు భాషయే చదువునకు మొదటి సాధనమని రామమూర్తిగారు తెలుగు బాలుని విషయమున వాదించిరి; సవర బాలుని విషయమున ఆచరించి చూపిరి. మనము వాదమును స్వీకరించి ఆచరణమును మఱచితిమి.

హైదరాబాదు రాజ్యమున మఱియొక ప్రయత్నము జరిగెను. 1940లో కుమురం భీము మరణించిన పిమ్మట, ఆదిలాబాదు గోండుల మధ్య నివసించి వారి జీవనమును పరిశీలించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ పూనికతో 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసెను. గోండీ వాచకములు నాగరిలిపిలో సిద్ధమయ్యెను. ఆ ప్రాంతమున అక్షరజ్ఞానము గల కొలదిమంది గోండులకు మరాఠీ చదువు పరిచితమగుటయే దానికి కారణము. రాష్ట్ర పునర్విభజన తరువాత ఆ స్థానమును తెలుగు ఆక్రమించెను. ఒక భాష పోయి వేఱొక భాష వచ్చుట పరిపాలనకు సులభమే. కాని ఒక తరము గోండు బాలురు తమ భాషలో నేర్చిన చదువు తరువాతి తరమునకు అందకపోయెను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో ప్రారంభమైన మాతృభాషాధార బహుభాషా విద్యాపథకము ఈ లోపమును దిద్దుటకు జరిగిన గట్టి యత్నము. గోండీ, కోయ, కొండ, కువి, కొలామీ, సవర, బంజారా, ఆదివాసీ ఒరియా అను ఎనిమిది భాషలలో తెలుగు లిపితో వాచకములు వెలువడెను. ఇంటి భాషతో మొదలిడి క్రమముగా తెలుగునకును, ఇంగ్లీషునకును కొనిపోవుట దాని పద్ధతి. పద్ధతి మంచిదే. దానిపై మా విమర్శ యొక్కటి: ఇందు మాతృభాష తెలుగును చేరుటకు సాధనముగా మాత్రమే లెక్కింపబడినది. ప్రాథమిక తరగతులు ముగిసిన పిదప ఆ భాషతో బడికి పనిలేదు. ఉన్నత పాఠశాలలోను, కళాశాలలోను దాని పేరైనను వినబడదు. ఇది ఏరు దాటి తెప్ప తగలవేసినట్లున్నది. తన భాష మూడవ తరగతికి తగినదే గాని పై చదువునకు తగదని బాలుడు దీనినుండి గ్రహించును. ఏ వాచకమును చెప్పకయే నేర్పు పాఠమిది.

ఉపాధ్యాయుని విషయమును దీనితో ముడిపడియే యున్నది. షెడ్యూల్డు ప్రాంతముల పాఠశాలలలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే చెందవలెనని 2000 జనవరిలో వెలువడిన 3వ నంబరు ప్రభుత్వ ఉత్తరువును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2020 ఏప్రిలులో కొట్టివేసెను. నూటికి నూఱు పదవులను ఒక వర్గమునకే ప్రత్యేకించుట చెల్లదని తీర్పు. న్యాయవిషయమున ప్రవేశించుట మా పని కాదు. అయినను విద్యాదృష్టితో నొకమాట చెప్పవలసి యున్నది. రిజర్వేషను ప్రశ్న తీఱినను, బడిలో బాలుని భాష తెలిసిన వారెవరను ప్రశ్న తీఱలేదు. ఆ భాష వచ్చుట ఉపాధ్యాయునకు ఒక అర్హతగా నిర్ణయింపవచ్చును. అట్టి అర్హతను పరీక్షించి పత్రమీయగల సంస్థ కావలెను. తెలుగు శాఖలలో ఆ భాషల బోధనము లేనప్పుడు ఆ పరీక్షను నిర్వహించు వారెవరు?

ఇక రెండవ ప్రశ్న. గిరిజన భాషలు తెలుగు శాఖకు సంబంధింపవని చెప్పువారు కలరు. భాషాశాస్త్రము దీనికి విరుద్ధముగా చెప్పుచున్నది. ద్రావిడ భాషలలో తెలుగునకు మిక్కిలి దగ్గఱి బంధువులు తమిళ కన్నడములు కావు. గోండీ, కొండ, కుయి, కువి మొదలగునవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో ప్రకటించిన తెలుగు ధాతుపరిశీలన గ్రంథమున ఈ బాంధవ్యమును నిరూపించిరి. 1969లో కొండభాషను గూర్చి ప్రత్యేక గ్రంథము రచించిరి. పైన చెప్పిన ఎనిమిదింటిలో గోండీ, కోయ, కొండ, కువి ఈ శాఖకే చెందును.

రెండు నిదర్శనములు చాలును. మన విద్యార్థులు శకటరేఫమును పట్టికల సాయమున కంఠస్థము చేయుదురు. ఆధునికోచ్చారణమున ర, ఱ లకు భేదము లేదు గదా. కొండభాష మాటలాడువారి నోట ఈ రెండు ధ్వనుల భేదము జీవించియే యున్నది. అట్లే, మహతీవాచకములు ఏకవచనమున అమహత్తులతోడను, బహువచనమున మహత్తులతోడను చేరునని బాలవ్యాకరణము చెప్పును. 'సీత వచ్చినది', 'ఆవు వచ్చినది' అని ఏకరీతిగా చెప్పు భాష, బహువచనమున 'స్త్రీలు వచ్చినారు', 'ఆవులు వచ్చినవి' అని భేదమేల చూపవలెనని విద్యార్థి అడిగినచో మనము సూత్రమును మరల చదువుదుము. గోండీలో బహువచనమునను స్త్రీవాచకములు అమహత్తులతోనే చేరును. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూపినచో, తెలుగు ఎచ్చట తన సోదరభాషలనుండి విడివడెనో తెలియును. తరగతిలో గోండు విద్యార్థి యున్నచో ఈ పాఠమునకు సాక్షి అతడే. నేడు అతనిని మనము వెనుకబడినవానిగా కూర్చుండబెట్టుచున్నాము.

చరిత్ర పాఠముల స్థితియు నిట్లే యున్నది. 1922-24 నాటి మన్యపు తిరుగుబాటును చెప్పునపుడు అల్లూరి సీతారామరాజు వీరత్వము యథార్హముగా కీర్తింపబడును. కాని గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు అనుచరుల పట్టికలో మాత్రమే కనబడుదురు. పోడు సేద్యమును నిషేధించిన అటవీచట్టము, కూలి సరిగా నీయక రోడ్లపని చేయించిన గూడెము అధికారి బాస్టియను దౌర్జన్యము, అంతకు పూర్వము 1879-80లో జరిగిన రంప తిరుగుబాటు: ఇవి తెలియనిదే గిరిజనులేల పోరాడిరో తెలియదు. వీరుడు వచ్చి మేలుకొలిపినందున వారు మేలుకొనిరను భావమే మిగులును. జైలునుండి వెలువడిన మల్లుదొర 1952లో తొలి లోకసభకు ఎన్నికయ్యెను. ఈ యొక్క సంగతిని పాఠమున చేర్చినచో, మన్యపు బాలుడు తనవారిని కథలో పాత్రలుగా గాక కర్తలుగా చూడగలడు.

ఇట ఒక యాక్షేపమునకు సమాధానము చెప్పవలెను. గిరిజన భాషలకు ఉద్యోగ ప్రయోజనము లేదనియు, వానిని నేర్పుట బాలుని కొండకే కట్టివేయుటయనియు కొందఱందురు. గిరిజనులైన తల్లిదండ్రులలోను ఈ భయము గలదు. ఈ భయమును తేలికగా త్రోసివేయరాదు. తెలుగును, ఇంగ్లీషును బాగుగా నేర్పకుండుటకు మాతృభాషాభిమానము సాకు కారాదు. కాని మాతృభాషను తొలగించినంతమాత్రమున తెలుగు బాగుగా వచ్చుననుటకు ఆధారము లేదు. తెలియని మాటలతో తెలియని విషయమును చెప్పినచో రెండును తెలియకపోవును. లిపి లేదనుటయు నిలువదు. సవరలకు 1936లో ఒడిసా ప్రాంతమున మంగేయి గొమాంగో లిపి నిర్మించెను. ఆదిలాబాదు గుంజాల గ్రామపు గోండీ లిపికి 2018లో యూనికోడునందు స్థానము లభించెను. 2011 జనగణన ప్రకారము గోండీ మాతృభాషగా గలవారు సుమారు 30 లక్షలు. అయినను ఎనిమిదవ షెడ్యూలున ఆ భాష చేరలేదు.

రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టము ననుసరించి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయములు రెండు వెలసినవి. విజయనగరమునది 2019లో ప్రారంభమయ్యెను. ములుగునందలి సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయమునకు 2023లో చట్టమయ్యెను. గిరిజన విషయము ఇక వారి పనియే యని మిగిలిన శాఖలు చేతులు దులుపుకొనరాదు. మా సూచనలు మూడు. తెలుగు ఎం.ఏ.లో తెలుగు సోదరభాషలలో నొకదానిని ఐచ్ఛికపత్రముగా పెట్టి, దానిని మాటలాడువారిచేతనే బోధింపజేయవలెను. గిరిజన గేయములను సేకరించు సిద్ధాంతవ్యాసములలో, పాడినవారి సమ్మతితో వారి పేరును, ఊరును, మూలభాషా పాఠమును తప్పక ముద్రింపవలెను. తెలుగు అనువాదమొక్కటే యిచ్చిన వ్యాసమును స్వీకరింపరాదు. గిరిజన పరిశోధకుడు తన సమాజేతర విషయమును, ప్రబంధమునో ఛందస్సునో, ఎన్నుకొనదలచినచో అడ్డు చెప్పరాదు. గిరిజనుడు గిరిజనులనే పరిశోధింపవలెననుటయు ఒకవిధమైన వెలియే.

ఈ మూడింటికిని క్రొత్త భవనములు అక్కఱలేదు. పాఠ్యనిర్ణయ సంఘము ఒక సమావేశమున తీర్మానింపదగినవే. రామమూర్తిగారి పేర ఆగస్టు 29న ఏటేట తెలుగు భాషా దినోత్సవము జరుపుకొను శాఖలు, వారు సవరలనుండి నేర్చిన విధమున ఒక్క గిరిజన భాషనైన నేర్చుటకు పూనుకొనవలెనని మా మనవి.