ఖాళీ జాగా ఎవరి లెక్కలో ఖాళీ?

నగరాల్లో ఖాళీగా పడి ఉన్న జాగాలను ప్రజలు కలుసుకొనే చోట్లుగా మార్చడానికి డిజైన్ పోటీలు పెట్టడం ఇవాళ చాలాచోట్ల పరిపాటి అయింది. ఇది వాస్తుశిల్పుల వ్యవహారం, రచయితలకు దీనితో ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. పోటీకి పంపే డిజైన్ కూడా ఒక రచనే అని నా అభిప్రాయం. దానికీ వస్తువు ఉంది, రూపం ఉంది, దృక్పథం ఉంది. కనుక సాహిత్య విమర్శ ఒక కథను అడిగే ప్రశ్నలనే దాన్నీ అడగవచ్చు. ఎవరి పక్షాన మాట్లాడుతోంది? ఎవరికి చెబుతోంది? చెప్పిన తర్వాత ఏం జరిగింది?

ముందుగా ‘ఖాళీ’ అన్న మాట సంగతి చూద్దాం. మన రెవెన్యూ రికార్డుల్లో ‘పోరంబోకు’ అని ఒక పద్దు ఉంది. శిస్తు విధించని భూమి అది. బాట, చెరువు, శ్మశానం, పశువుల బీడు - ఊరంతా వాడుకొనే నేల చాలావరకు ఆ పద్దు కిందికే వస్తుంది. అదే మాటతో మనం పనీపాటా లేనివాణ్ణి తిడుతున్నాం. అందరికీ పనికివచ్చే నేల పేరు ఎందుకూ పనికిరాని మనిషికి తిట్టుగా మారిందంటే, ఖజానా లెక్క జనం నోట్లోకి ఎంతగా చొరబడిందో ఊహించవచ్చు. నగరంలో ‘ఖాళీ’ అన్నదీ ఇలాంటి లెక్కే. ఆ జాగాలో ఎవరూ లేరని కాదు, దాని మీద ఆదాయం లేదని దాని అర్థం.

ఈ విషయంలో న్యూయార్క్ నగరపు లోయర్ ఈస్ట్ సైడ్ అనుభవం చాలా నేర్పుతుంది. తరతరాలుగా వలస వచ్చిన శ్రామికులు తలదాచుకొన్న పేట అది. 1970లలో అద్దెలు గిట్టుబాటు కావడం లేదని యజమానులు అక్కడి భవనాలను గాలికి వదిలేశారు. బీమా సొమ్ము కోసం తగలబెట్టించినవారూ ఉన్నారు. పన్ను బకాయిపడిన ఆస్తులు నగరపాలక సంస్థ చేతికి వచ్చాయి. 1975లో ఆ నగరమే దివాలా అంచుకు చేరింది. భవనాలు కూల్చేసిన చోట ఇటుక ముక్కల గుట్టలు మిగిలాయి. అంటే అక్కడి ఖాళీ ప్రకృతి ఇచ్చింది కాదు, పెట్టుబడి తయారుచేసి వదిలిపెట్టింది.

ఆ గుట్టల్ని ముందుగా కదిలించింది పోటీలు కాదు, మనుషుల చేతులు. 1973లో లిజ్ క్రిస్టీ, ఆమె మిత్రులు ‘గ్రీన్ గెరిల్లాలు’ అన్న పేరుతో బావరీ, హ్యూస్టన్ వీధుల మూల ఉన్న జాగాను శుభ్రం చేసి తోట వేశారు. మరుసటి ఏడు నగరపాలక సంస్థ దాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు ఇచ్చింది. 1975లో ఎల్డ్రిడ్జ్ వీధి జాగాలో ఆడమ్ పర్పుల్ అని పేరు పెట్టుకొన్న మనిషి మరో తోట మొదలుపెట్టాడు. సెంట్రల్ పార్కు దగ్గర బండి గుర్రాల పేడ పోగుచేసి సైకిల్ మీద తెచ్చి, శిథిలాల మీద మట్టి తయారుచేశాడు. తోట వలయాలు వలయాలుగా ఉండేది. పక్క భవనం కూలినప్పుడల్లా మరో వలయం పెరిగేది. దానికి అతను పెట్టుకొన్న పేరు ‘ఈడెన్ తోట’. చివరికి అది పదిహేను వేల చదరపు అడుగుల దాకా విస్తరించింది.

ఆ జాగాలోనే తక్కువ ఆదాయం వారికి ఇళ్లు కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. అప్పుడు 1984లో, స్టోర్‌ఫ్రంట్ ఫర్ ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ అనే చిన్న సంస్థ, తోటను ఉంచుతూనే ఇళ్లు ఎలా కట్టవచ్చో చూపమని డిజైనర్లను బహిరంగంగా ఆహ్వానించింది. వచ్చిన డిజైన్లను ప్రదర్శించింది. ‘ఆడమ్స్ హౌస్ ఇన్ ప్యారడైజ్’ అన్న ఆ ప్రదర్శన పేరు, మానవుడి తొలి ఇంటి గురించి జోసెఫ్ రిక్వర్ట్ 1972లో వెలువరించిన గ్రంథం పేరును గుర్తుచేస్తుంది. నగరపాలక సంస్థ ఆ దారి పట్టలేదు. 1986 జనవరి 8న బుల్డోజర్లు తోటను నేలమట్టం చేశాయి. తర్వాత అక్కడ ఇళ్లు లేచాయి.

ఇక్కడ నేను ఆత్మవిమర్శ చేసుకోవాలి. ఈ ఉదంతం మొదట చదివినప్పుడు నేను తటపటాయించలేదు. పేదలకు ఇళ్లా, ఒక వ్యక్తి పూలతోటా అంటే ఇళ్లే అన్నాను. తోట కోసం కన్నీరు కార్చడం మధ్యతరగతి భావుకత్వమని తేల్చేశాను. తర్వాత ఆలోచిస్తే, ఆ ప్రశ్న నాది కాదని అర్థమైంది. అది పాలకులు తయారుచేసి నా చేతికిచ్చిన ప్రశ్న. ఆ పేటలో నగరపాలక సంస్థ చేతిలో ఉన్న ఖాళీ జాగా ఇదొక్కటే కాదు. పేదలు తమ చేతులతో చేసుకొన్నదాన్నీ, పేదలకు ఇవ్వవలసినదాన్నీ ఒకే గజం నేల మీద తగాదాకు నిలబెట్టి, పెద్ద ఆస్తులను ఆ తగాదా నుంచి తప్పించడం ఆ ప్రశ్న చేసిన పని.

1984 ప్రదర్శన గొప్పతనం ఇక్కడే ఉంది. ఆ డిజైన్లు ‘ఇళ్లా, తోటా’ అన్న చోట ‘ఇళ్లూ, తోటా’ అని గీసి చూపాయి. మంచి విమర్శ చేయవలసిన పని కూడా ఇదే. ఇచ్చిన రెండు జవాబుల్లో ఒకటి ఏరుకోవడంతో ఆగకుండా ప్రశ్ననే పరీక్షకు పెట్టాలి.

అయితే దాని పరిమితిని కూడా చెప్పక తప్పదు. కథల పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడు నేనొకటి గమనించాను. పోటీకి రాసిన కథ తరచుగా పాఠకుడి వంక కాక న్యాయనిర్ణేత వంక చూస్తూ ఉంటుంది. వాక్యం చక్కగా ఉంటుంది, మనుషులు మాత్రం ఎక్కడో దూరంగా కదులుతుంటారు. డిజైన్ పోటీకీ ఈ ప్రమాదం ఉంది. ఎల్డ్రిడ్జ్ వీధి డిజైన్లు ఒప్పించవలసింది ప్రభుత్వాన్ని. ఆ పాఠకుడు చదవకూడదని ముందే నిశ్చయించుకొన్నాడు. అలాంటప్పుడు రచన ఎంత బాగున్నా, దాని వెనుక సంఘటిత బలం లేకపోతే కాగితంగానే మిగులుతుంది.

దీనికి పక్కనే మరో ఉదాహరణ ఉంది. లిజ్ క్రిస్టీ తోట కూపర్ స్క్వేర్ ప్రాంతంలోది. ఆ ప్రాంతాన్ని మురికివాడ పేరుతో కూల్చివేసే పథకం వచ్చినప్పుడు, 1959లోనే అక్కడి జనం కమిటీగా ఏర్పడ్డారు. 1961లో తమ సొంత ప్రత్యామ్నాయ ప్రణాళికను ముందుకు తెచ్చారు. దశాబ్దాల తర్వాత పక్కన కొత్త భవనాలు లేచినా తోట నిలిచింది, ఇప్పటికీ ఉంది. తోట నిలవడానికి కమిటీ ఒక్కటే కారణమని నేను అనను. కాని ఒక తోట ప్రధానంగా ఒక మనిషి చేతి పని, రెండోది పలువురి చేతుల్లో నడిచింది, పైగా పోరాట అనుభవం ఉన్న పేటలో ఉంది. ఈ తేడాను విస్మరించడం పొరపాటు.

1999లో ఆ నగరం వందకు పైగా ఇలాంటి తోటలను వేలానికి పెట్టింది. నిరసనలు, దావాలు చెలరేగాక, రెండు స్వచ్ఛంద సంస్థలు సుమారు 42 లక్షల డాలర్లిచ్చి వాటిని కొన్నాయి. తోటలు దక్కాయి, సంతోషమే. కాని చెత్త ఎత్తి, మట్టి మోసి జనం సృష్టించిన విలువను మళ్లీ మార్కెట్లో కొనుక్కొంటే తప్ప దక్కలేదన్నది గమనించాలి. జనం ఖాళీని నింపగానే దానికి ధర వచ్చింది, ధర రాగానే దానికి యజమాని గుర్తుకొచ్చాడు.

మన నగరాలూ పోటీలకు కొత్త కాదు. 2015లో మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్‌లో నగరాలే పోటీదారులు. 2016 జనవరిలో ప్రకటించిన తొలి ఇరవైలో విశాఖపట్నం, కాకినాడ ఉన్నాయి. పౌరుడికి హక్కుగా రావలసిన సదుపాయం నగరానికి బహుమతిగా వస్తే, ఓడిన ఊరి పిల్లలకు ఆడుకొనే చోటు అక్కర్లేదా అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

పోటీలే వద్దని నా వాదన కాదు. పేరులేని కొత్త గొంతు వినబడడానికి అవి దారి చూపగలవు. కాని షరతులు ఉండాలి. ఆ జాగాలో ఏం కావాలో రాసే కాగితం చుట్టుపక్కలవాళ్ల సమావేశంలో తయారుకావాలి. న్యాయనిర్ణేతల్లో వాళ్లూ ఉండాలి. నేల మీద హక్కు ఎవరిదో, ఎన్నేళ్లకో, బహుమతి ప్రకటించక ముందే తేలాలి. డిజైన్ కట్టిన మర్నాడు ఊడ్చేవారెవరో, వారి కూలి ఎవరిస్తారో కూడా అందులో ఉండాలి.

ఇక రచయితలకు ఒక పని ఉంది. మీ వీధిలో ‘ఖాళీ’ అనిపించుకొన్న జాగాకు పొద్దున ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి వెళ్లండి. ఇస్త్రీ బండి ఎక్కడ నిలుస్తోందో, ఎవరి పెళ్లికి షామియానా వేశారో, అడ్డా కూలీలు ఏ గోడ నీడన కూచుంటున్నారో రాయండి. రేపు ఆ జాగాకు పోటీ ప్రకటన వచ్చినప్పుడు, అక్కడెవరూ లేరన్న మాటను కాదనడానికి ఆ రాత పనికి వస్తుంది.