కాగితం మీదే పడిన కత్తెర

సినిమా ఒకసారి విడుదలైతే పని అయిపోయినట్టే అనుకునే రోజులు పోయాయి. 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’కు ఇరవై నిమిషాలు కలిపి 2025 జనవరిలో ‘రీలోడెడ్’ అని మళ్లీ వేశారు. ‘బాహుబలి’ రెండు భాగాలనూ కుదించి అదే ఏడాది అక్టోబరు 31న సుమారు మూడుముప్పావు గంటల ఒకే సినిమాగా చూపించారు. ‘అర్జున్ రెడ్డి’ అసలు నిడివి ఎంత, మనకు చూపించింది ఎంత అని ప్రొద్దుటూరు టీకొట్ల దగ్గర కుర్రాళ్లు వాదించుకుంటారు. డైరెక్టర్స్ కట్ అన్నది ఇప్పుడు అందరికీ తెలిసిన మాట.

ఈ చర్చలో కడప జిల్లా వాళ్లు తప్పకుండా గుర్తు చేయాల్సిన సినిమా ‘మాయాబజార్’. దాని వెనకున్న మనుషులు మన చుట్టుపక్కల వాళ్లే. వాహిని చిత్ర సంస్థకు ప్రాణం పోసిన బి.ఎన్.రెడ్డిది పులివెందుల తాలూకా కొత్తపల్లె. ఆయన తమ్ముడు, ఈ సినిమా తీసిన విజయా సంస్థ అధినేత బి.నాగిరెడ్డి పుట్టింది కడప జిల్లా పొట్టిపాడులో. దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. జిల్లా వేరైనా నది ఒకటే. తాడిపత్రి దాటిన పెన్న గండికోట లోయలో దూరి, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు చేరుతుంది. ఇంకో ముచ్చట. ఇదే కథను 1936లో పి.వి.దాసు తీసినప్పుడు శశిరేఖ వేషం కట్టిన శాంతకుమారి ప్రొద్దుటూరు ఆడపడుచు.

అసలు డైరెక్టర్స్ కట్ ఎందుకు పుడుతుంది? ఎక్కువగా తగాదా వల్ల. దర్శకుడు ఒకటి తీస్తాడు, డబ్బు పెట్టినవాళ్లు భయపడి ఇంకొకటి విడుదల చేస్తారు. హాలీవుడ్‌లో రిడ్లీ స్కాట్ ‘బ్లేడ్ రన్నర్’ ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. 1982లో ప్రేక్షకులకు అర్థం కాదేమోనని కథానాయకుడి చేత వ్యాఖ్యానం చెప్పించారు, చివర సుఖాంతం అతికించారు. 1992లో ఆ రెండూ తీసేసి, ఒక కల చేర్చి డైరెక్టర్స్ కట్ తెచ్చారు. స్కాట్ పూర్తిగా తన చేతుల మీదుగా చేసుకున్న రూపం 2007లో గాని రాలేదు. తన సినిమా తన చేతికి రావడానికి ఆయనకు పాతికేళ్లు పట్టింది.

విజయా వారి పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ తగాదా ఏదైనా ఉంటే షూటింగుకు ముందే తేలిపోవాలి. నాగిరెడ్డి, ఆయన భాగస్వామి చక్రపాణి, కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు కథ మీద కూర్చుంటే నెలలు గడిచేవి. ప్రతి మాటా, ప్రతి షాటూ కాగితం మీద ఖాయమయ్యాకే కెమెరా కదిలేది. కె.వి.రెడ్డి చేతిలో స్టాప్‌వాచ్ ఉండేది. నటుల చేత సన్నివేశం చదివించి, నడిపించి, ఎన్ని సెకన్లు పడుతుందో లెక్క కట్టేవారు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ఆ గడియారం గురించి ఎన్నోసార్లు చెప్పారు. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది. ఒక సన్నివేశం అనుకున్నదానికన్నా అర నిమిషం సాగితే 45 అడుగులు అదనం. అలాంటివి పది పోగైతే దాదాపు అర రీలు. కె.వి.రెడ్డి రోహిణి సంస్థలో క్యాషియర్‌గా, వాహినిలో ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేసి దర్శకుడైన మనిషి. అడుగు ఫిల్ము ఖరీదెంతో ఆయనకు బాగా తెలుసు. సి.పి.జంబులింగం, జి.కళ్యాణసుందరం వంటి ఎడిటర్లు ఉన్నా, పెద్ద కత్తెర అంతకు ముందే కాగితం మీద పడిపోయేది.

ఆ కత్తెర ఎంత పదునైనదో ఒక్క సంగతి చాలు. ‘మాయాబజార్’లో పాండవులు లేరు. ధర్మరాజూ లేడు, భీముడూ లేడు, అర్జునుడూ లేడు. అభిమన్యుడి పెళ్లి కథలో అభిమన్యుడి తండ్రే కనిపించడు! జూదంలో ఓడిపోవడం, అడవుల పాలుకావడం మనం మాటల్లోనే వింటాం. ఆ అయిదుగురినీ తెర మీదికి తెచ్చి ఉంటే సినిమా వాళ్ల కష్టాల చుట్టూ తిరిగేది. వాళ్లను పక్కన పెట్టడంతో బలరాముడి ఇంటి గొడవ, రేవతి డాబు, సుభద్ర రోషం ముందుకొచ్చాయి. భారతకథ మన ఇళ్లలో పెళ్లిమాటల కథ అయింది. ఈ కోత ఎడిటింగ్ బల్ల మీద కుదిరేది కాదు. మూడు గంటలు దాటిన సినిమా ఈనాటికీ బరువనిపించకపోవడానికి నా లెక్కలో మొదటి కారణం ఇదే.

అందువల్ల 1957 మార్చి 27న విడుదలైన నలుపు తెలుపు సినిమానే డైరెక్టర్స్ కట్. థియేటర్ కట్ కూడా అదే.

రెండో రూపం 2010 జనవరి 30న వచ్చింది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ సినిమాకు రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి, సినిమాస్కోప్‌లో విడుదల చేసింది. వాళ్ల శ్రమను తక్కువ చేయను. గీతలు పడిన బొమ్మను శుభ్రం చేశారు, నలుపు తెలుపు అంటే మొహం తిప్పుకునే పిల్లలను హాలు దాకా రప్పించారు. అయితే నిడివి తగ్గించారు. పాటలూ సన్నివేశాలూ కొన్ని పోయాయి. స్టాప్‌వాచ్ పెట్టి అల్లిన సినిమాలో ఒక ముక్క లాగేస్తే దాని తర్వాతి ముక్క నడక కూడా తడబడుతుంది. అప్పటికి అడుగుదామంటే కె.వి.రెడ్డి లేరు, చక్రపాణి లేరు, నాగిరెడ్డీ లేరు.

కోత కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ స్కోప్. పాత ఫ్రేము దాదాపు చదరంగా ఉంటుంది. వెడల్పంతా ఉంచి దాన్ని స్కోప్ చేస్తే ఎత్తులో నూటికి నలభై వంతులకు పైగా ఎగిరిపోతుంది. ఇప్పుడు మాయా శశిరేఖగా సావిత్రిని తలుచుకోండి. ఆమె లోపల ఘటోత్కచుడున్నాడు. ఎవరైనా చూస్తుంటే శశిరేఖలా వొదిగి నిలుచుంటుంది. చూపు తప్పగానే భుజం విరుచుకుంటుంది, అడుగు బరువెక్కుతుంది. ఆ నటన తల నుంచి పాదం దాకా ఉంది. కాళ్లు ఫ్రేము బయటికి పోతే సగం ఘటోత్కచుడు పోయినట్టే. భోజనాల ఘట్టంలో ఘటోత్కచుడి వేషంలో ఉన్న ఎస్.వి.రంగారావు ముందు పళ్లేల వరుస కింద, నోరు పైన. లడ్డూలు తమంతట తాము లేచి ఆ నోట్లోకి వెళ్తాయి. మార్కస్ బార్ట్‌లే కెమెరా చేసిన మాయంతా ఆ కింది నుంచి పైకి సాగే దారిలోనే ఉంది. ఎత్తు తగ్గిస్తే మాయ తగ్గదా? రంగుల సంగతీ అంతే. బార్ట్‌లే స్టూడియోలో పండించిన వెన్నెల తెలుపుకూ నలుపుకూ మధ్య ఉన్న బూడిద వన్నెల్లో ఉంది. నీలం పూస్తే అది వట్టి రాత్రి అవుతుంది.

మూడో కత్తెర గురించి కూడా చెప్పుకోవాలి. పల్లెల్లో టూరింగ్ టాకీసులు తిరిగిన రోజుల్లో రెండో ఆటకు ఆలస్యమైతే ఆపరేటరు ఒక పద్యమో పాటో ఎగరగొట్టేసేవాడు. మన ముందు తరాల్లో చాలామంది చూసిన పాత సినిమాలు అలా తరిగినవే. ఆపరేటరుకు కోపాలూ ఈలలూ తప్పేవి కావు, ఎందుకంటే జనానికి ఏ పాట తర్వాత ఏ సీను రావాలో నోటికి వచ్చు.

ఇప్పుడు ఆ జ్ఞాపకం కూడా పలచబడుతోంది. పదేళ్ల పిల్లవాడికి ‘మాయాబజార్’ అంటే రంగుల ముక్కలే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కాలేజీల్లో తెలుగు చెప్పే అయ్యవార్లకు నా విన్నపం ఒక్కటే. ఏడాదికి ఒకసారి, మార్చి 27న, పిల్లలను కూర్చోబెట్టి నలుపు తెలుపు ప్రతిని మొదటి నుంచి చివరిదాకా, పూర్తి ఫ్రేముతో వేయండి. ఆ తర్వాత రంగులదీ చూపించండి, తేడా పిల్లల చేతే చెప్పించండి.