ఆర్డరు ఉంటేనే మగ్గం

బ్రిటన్‌లో తయారయ్యే మగవాళ్ల దుస్తుల గురించి ఎవరు మాట్లాడినా ముందు సంవత్సరాలు చెబుతారు. జాన్ స్మెడ్లీ అల్లిక దుస్తులు 1784 నుంచి, ట్రికర్స్ బూట్లు 1829 నుంచి, బార్బర్ మైనపు కోట్లు 1894 నుంచి. ఈ లెక్కలు నిజమే. కానీ దుకాణంలో లేబుల్ మీద ఆ అంకె చూసిన మనిషి తన చేతిలోని కోటుకు కూడా అంత చరిత్ర ఉందనుకుంటాడు. వయసు కంపెనీ పేరుకు ఉంటుంది. కోటుకు మాత్రం దాన్ని పోయిన నెల ఎవరు కత్తిరించారు, ఎవరు కుట్టారు, వాళ్లకు వచ్చే నెల పని ఉంటుందా అన్నదే చరిత్ర. నేను ఇక్కడ వాదించేది ఒక్క విషయమే. పాత పనితనం బతకాలంటే గొప్ప పేరు చాలదు, గట్టి చట్టం కూడా చాలదు; ఏడాది పొడవునా తెగకుండా ఆర్డర్లు రావాలి. బ్రిటన్‌లో ఇప్పుడు ఆ పని చేస్తున్న వాటిలో పెద్దగా పేరు లేని చిన్న లేబుళ్లు చాలా ఉన్నాయి. అందుకే వాటి మీద ఓ కన్ను వేసి ఉంచాలంటాను.

చట్టం ఎంతవరకు కాపాడగలదో తెలియాలంటే హారిస్ ట్వీడ్ చూడాలి. ప్రపంచంలో ఇంత గట్టి రక్షణ ఉన్న బట్టలు అరుదు. 1993లో బ్రిటిష్ పార్లమెంటు దీనికోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. దాని ప్రకారం ఉన్నికి రంగు వేయడం, నూలు వడకడం, చివరి శుద్ధి అన్నీ స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న అవుటర్ హెబ్రిడీస్ దీవుల్లోనే జరగాలి. బట్టను మాత్రం ఆ దీవుల వాళ్లు తమ ఇళ్ల దగ్గరే, కరెంటు లేకుండా కాళ్లతో తొక్కే మగ్గం మీద నేయాలి. ఈ షరతులన్నీ తీరిన బట్ట మీదే అధికారులు గోళం, శిలువ ఉన్న ముద్ర వేస్తారు. ఈ బట్ట అందం నూలు దగ్గరే మొదలవుతుంది. ఉన్నికి ముందే రంగులు అద్ది, ఆ రంగురంగుల ఉన్నిని కలిపి వడుకుతారు. అందుకే దూరం నుంచి గోధుమరంగుగా కనిపించే కోటును దగ్గరికి తెస్తే ఒకే పోగులో నాచు పచ్చ, తుప్పు ఎరుపు, కాస్త నీలం కనిపిస్తాయి. ఇంత పనితనం, దానికి తోడు ఇంత చట్టం. అయినా ఏమైంది? 1966లో ఏడాదికి 70 లక్షల గజాలు దాటిన ఉత్పత్తి ఆ తర్వాత పడిపోతూ వచ్చింది. 2004లో నైకీ కంపెనీ తన బూట్ల కోసం వేల మీటర్లు ఆర్డరిస్తే దీవులన్నీ సంబరపడ్డాయి. ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. 2006లో యార్క్‌షైర్‌కు చెందిన ఒక వ్యాపారి ఆ దీవుల్లోని స్టోర్నోవే పట్టణంలో ఉన్న అతిపెద్ద మిల్లును కొన్నారు. వేలల్లో ఉన్న డిజైన్లను నాలుగుకు కుదించి, బట్టను తన సొంత జాకెట్లకే వాడుకోవాలని నిర్ణయించారు. చట్టాన్ని ఎక్కడా మీరలేదు, ముద్రా చెక్కుచెదరలేదు. నేతగాళ్లు మాత్రం పని లేక కూర్చున్నారు. మరుసటి ఏడాది చివర్లో షాబోస్ట్ ఊళ్లో మూతపడ్డ మిల్లును మరో సంస్థ తెరిచి, డిజైన్లన్నీ మళ్లీ నేయించి, దర్జీలకూ చిన్న లేబుళ్లకూ అమ్మడం మొదలుపెట్టాకే మగ్గాలకు మళ్లీ పని దొరికింది. ఇది హెబ్రిడీస్‌కే పరిమితమైన కథ కాదు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలను ఎలా తిప్పిందో, 2024లో అది ఆగినప్పుడు అక్కడి కార్మికుల ఇళ్లు ఎలా ఉన్నాయో తెలుగు పాఠకులకు వేరే చెప్పాలా?

పేరు ఇచ్చే రక్షణ చట్టం ఇచ్చేదానికన్నా తక్కువ. బ్రిటన్‌లో 1968 నాటి వాణిజ్య వివరణల చట్టం ప్రకారం, ఒక వస్తువు ఏ దేశంలో చివరిసారి గణనీయంగా మారిందో ఆ దేశంలోనే తయారైనట్టు లెక్క. అంటే బట్ట ఒక దేశానిది, కుట్టు ఇంకో దేశానిది అయినా లేబుల్ మీద ఒక్క దేశం పేరే ఉండొచ్చు. పని ఎక్కడ చేయించాలన్న విషయంలో పెద్ద పేర్లు రకరకాలుగా నడుచుకున్నాయి. బర్బెరీ ట్రెంచ్ కోట్లు నేటికీ యార్క్‌షైర్‌లోని కాసిల్‌ఫర్డ్‌లో తయారవుతున్నాయి. అదే కంపెనీ 2007లో వేల్స్‌లోని ట్రెఓర్కీ ఫ్యాక్టరీని మూసేస్తే సుమారు 300 మంది ఉద్యోగాలు పోయాయి. డాక్టర్ మార్టెన్స్ 2003లో తన ఉత్పత్తిలో చాలా భాగాన్ని ఆసియాకు తరలించి, ఇంగ్లండులో ఒక చిన్న విభాగాన్ని మాత్రం నడుపుతోంది. యజమాని విదేశీయుడైతే పనితనం పోతుందన్న భయానికీ ఆధారం లేదు. చర్చెస్ బూట్ల కంపెనీని 1999లో ఇటలీకి చెందిన ప్రాడా కొన్నా బూట్లు ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లోనే తయారవుతున్నాయి. చూడాల్సింది పని ఎక్కడ జరుగుతోందన్నదే. నార్తాంప్టన్ బూటు చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బూటు పైతోలును అచ్చు మీద లాగి బిగించి, దాని అంచు చుట్టూ వెల్ట్ అనే సన్నని తోలు పట్టీని కుడతారు. అడుగును ఆ పట్టీకి కుడతారు, మధ్యలో బెండు నింపుతారు. అడుగు అరిగిపోతే పైతోలుకు ఏ హానీ లేకుండా పట్టీ దగ్గర విప్పి కొత్త అడుగు వేయొచ్చు. ఈ కుట్టు వేసే యంత్రం అమెరికా నుంచి వచ్చింది, దానికి గుడ్‌ఇయర్ అనే అమెరికా పేరే ఉంది. అయినా తరాల తరబడి ఒకే ఊళ్లో తోలు కోసేవాళ్లు, పైభాగాలు కుట్టేవాళ్లు, అచ్చులు చెక్కేవాళ్లు ఒకరి పక్కన ఒకరు ఉండటం వల్ల ఆ పని నార్తాంప్టన్ సొంతమైంది. ఒక్కసారి ఊరు చెదిరిపోతే ఆ ఇరుగుపొరుగును డబ్బు పెట్టి కొనలేరు.

చిన్న లేబుళ్ల విలువ ఇక్కడే ఉంది. వేల్స్‌లోని కార్డిగన్ దాదాపు 4,000 మంది ఉండే చిన్న పట్టణం. అక్కడి ఫ్యాక్టరీలో 400 మంది వారానికి 35,000 జీన్స్ కుట్టేవారు. 2002లో అది మూతపడి పని మొరాకోకు వెళ్లింది. చేతుల్లో విద్య ఉంది, కుట్టడానికి ఏమీ లేదు. పదేళ్ల తర్వాత హయుట్ డెనిమ్ అనే సంస్థ ఆ కుట్టేవాళ్లలో కొందరిని పిలిచి మళ్లీ జీన్స్ మొదలుపెట్టింది. కుట్టినవాళ్లు తమ పని మీద సంతకం చేస్తారు. చిరిగితే ఉచితంగా బాగుచేసి ఇస్తారు. మాంచెస్టర్‌లోని ప్రైవేట్ వైట్ వి.సి. దారి వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ అందుకున్న జాక్ వైట్ పనిచేసిన కోట్ల ఫ్యాక్టరీని ఆయన మునిమనవడు కొని, ఇతరుల పేర్లతో కుట్టే చోటును సొంత లేబుల్‌గా మార్చారు. లండన్‌లోని ఎస్.ఇ.హెచ్. కెల్లీ బట్ట నుంచి బొత్తాం దాకా అన్నీ బ్రిటిష్ దీవుల్లోని మిల్లులు, వర్క్‌షాపుల దగ్గరే తీసుకుంటుంది. ఒక చిన్న లేబుల్ ఒక్క మిల్లునే కాకుండా పది మిల్లుల దగ్గర కొద్దికొద్దిగా కొంటే, ఆ పదింటిలో ప్రతిదానికీ ఒక నమ్మకమైన ఖాతాదారు దొరికినట్టే. పెద్ద బ్రాండు ఇచ్చే ఒక్క పెద్ద ఆర్డరు కన్నా ఇలాంటి చిన్న ఆర్డర్లే దీర్ఘకాలంలో మిల్లును నిలబెడతాయని నేను నమ్ముతాను.

వీటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది కమ్యూనిటీ క్లోతింగ్. దర్జీ దుకాణాలకు ప్రసిద్ధమైన సావిల్ రోలో నార్టన్ అండ్ సన్స్ నడిపిన ప్యాట్రిక్ గ్రాంట్ 2015లో లాంకషైర్ ప్రాంతంలో ఉన్న బ్లాక్‌బర్న్‌లోని కుక్సన్ అండ్ క్లెగ్ ఫ్యాక్టరీని కొన్నారు. మూతపడబోతున్న ఫ్యాక్టరీ అది. దుస్తుల వ్యాపారంలో ఏడాదిలో కొన్ని నెలలు ఊపిరాడని పని, మిగతా నెలలు ఖాళీ. జీతాలు, అద్దె, కరెంటు బిల్లు మాత్రం పన్నెండు నెలలూ ఉంటాయి. 2016లో ఆయన ఆ ఖాళీ నెలల కోసమే ఒక లేబుల్ పెట్టారు. ఫ్యాషన్ సీజన్లు లేవు, టోకు వ్యాపారులు లేరు, ఆడంబరమైన ప్రకటనలు లేవు. ఏటా మారని సాదా చొక్కాలు, ప్యాంట్లు, స్వెటర్లు మాత్రమే. ఇలా ధర తగ్గింది, ఖాళీ నెలల్లోనూ మిషన్లు తిరిగాయి. ఇదే తరహా పని ఇతర ఫ్యాక్టరీలకూ పంచారు. కొనేవాళ్లకు నచ్చేది చొక్కానే కావొచ్చు. ఆ ఏర్పాటు వెనక ఉన్న ఆలోచనే నాకు ఎక్కువ నచ్చుతుంది.

నా వాదనకు మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, స్వదేశీ తయారీ అంటే న్యాయమైన తయారీ అని అర్థమా? కాదు. 2020లో లెస్టర్‌లో కొన్ని కుట్టు వర్క్‌షాపులు కార్మికులకు గంటకు మూడున్నర పౌండ్లే ఇస్తున్నాయని వార్తలు వచ్చాయి. అప్పటి కనీస వేతనం 8.72 పౌండ్లు. అవి కూడా బ్రిటన్‌లో తయారైన బట్టలే. అందుకే నేను జెండాను నమ్మను, ఫ్యాక్టరీ పేరును అడుగుతాను. ఎక్కడ, ఎవరు కుట్టారో లేబుల్ చెప్పగలిగితే దాచడం కష్టమవుతుంది. రెండోది, ధర. ఇది నిజమైన అభ్యంతరమే. మంచి నార్తాంప్టన్ బూటు చాలామంది బ్రిటిష్ కుటుంబాలకే అందదు. పదేళ్లు వాడితే చవకే అవుతుందన్న జవాబు చేతిలో డబ్బు ఉన్నవాడికే పనికొస్తుంది. ఈ నిజాన్ని ఒప్పుకుని మొదలైంది కాబట్టే కమ్యూనిటీ క్లోతింగ్ లాంటి ప్రయత్నానికి ఎక్కువ విలువ ఇస్తున్నాను.

మూడో అభ్యంతరం మన వైపు నుంచి వస్తుంది, వాటిలో బరువైనది అదే. మచిలీపట్నం అద్దకాల్లాంటి కోరమండల్ తీరపు బట్టలు యూరప్‌ను ఊపేసినప్పుడు, బ్రిటన్ 1700లో, మళ్లీ 1721లో చట్టాలు చేసి వాటిని అడ్డుకుంది. ఆ తర్వాత లాంకషైర్ మిల్లు బట్ట మన మగ్గాల మీద పడింది. అలాంటి మిల్లుల కోసం మనం ఎందుకు బాధపడాలి? ఆ గాయాన్ని మరిచిపోమని నేను చెప్పను. కానీ 1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీ బ్లాక్‌బర్న్ పక్కనే ఉన్న డార్వెన్‌కు వెళ్లి, విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ తిన్న కార్మికుల మధ్యే బస చేశారు. వాళ్లు ఆయన్ని ఆదరంగా పలకరించారు. చట్టం చేసిన పార్లమెంటునూ, మిషన్ ముందు నిలబడ్డ మనిషినీ ఆయన ఒకే గాటన కట్టలేదు. నేనూ అదే తేడా పాటిస్తాను. లాంకషైర్ మిల్లులు మూతపడటం వల్ల మచిలీపట్నానికి పోయింది తిరిగి రాలేదు. పని మరో దేశానికి తరలిపోయింది, చేతులు మళ్లీ ఖాళీ అయ్యాయి, ఈసారి వేరే ఊళ్లో. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉన్నా బజారులో అచ్చు వేసిన నకళ్లు ఎలా అమ్ముడవుతున్నాయో చూస్తున్న మనకు, పేరును కాపాడటానికీ పనిని కాపాడటానికీ మధ్య ఎంత దూరముందో బ్లాక్‌బర్న్ వాళ్ల కన్నా బాగానే తెలుసు.

ఇక గమనించాల్సింది ఒకటుంది. 2021లో అదే బ్లాక్‌బర్న్‌లో గ్రాంట్ మరికొందరితో కలిసి అవిసె మొక్కలనూ, నీలి రంగునిచ్చే వోడ్ మొక్కనూ నాటించారు. నార దగ్గర నుంచి జీన్స్ దాకా అంతా స్థానికంగానే తయారు చేయాలని వాళ్ల ఆలోచన. పంటను నారగా మార్చే యంత్రాలు, నేర్పేవాళ్లు ఆ ప్రాంతంలో చాలాకాలం క్రితమే కనుమరుగయ్యారు కాబట్టి వాళ్లు ప్రతిదీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఆ జీన్స్ ఎంత చవగ్గా వస్తుందని నేను అడగను. వచ్చే అయిదేళ్లలో గ్రాంట్ ఫ్యాక్టరీలో కుట్టు నేర్చుకోవడానికి ఎంతమంది కొత్త కుర్రాళ్లు, అమ్మాయిలు చేరతారో చూస్తాను. మిగతా లేబుళ్లనూ అదే ప్రశ్న అడుగుతాను.