ప్యాకేజీకీ ఒక ప్రవర

లినక్స్ వేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: డెబియన్ మంచిదా, ఉబుంటు మంచిదా, మింట్ మంచిదా? తెర మీది రంగులూ మెనూలూ చూసి జవాబు చెప్పేయవచ్చు. నేను మాత్రం ముందు ప్యాకేజీల జాబితా తెరిచి చూపిస్తాను. అసలు తేడాలు ఉండేది అక్కడే.

ఉబుంటు ఉన్న కంప్యూటర్లో ప్యాకేజీల వెర్షన్ సంఖ్యలు చూడండి. చివరి గీత తర్వాత ఒట్టి ‘3’ ఉంటే, అది ఆ వెర్షన్‌కు డెబియన్ వాళ్ల మూడో కూర్పు. ఉబుంటు దాని మూలాన్ని ముట్టుకోకుండా తన సర్వర్లలో కంపైల్ చేసుకుంది. ‘3బిల్డ్1’ అంటే మార్పు ఏమీ లేదు, మళ్లీ కంపైల్ చేశారంతే. ‘3ఉబుంటు1’ అంటే డెబియన్ కూర్పు మీద ఉబుంటు చెయ్యి పడింది. ‘0ఉబుంటు1’ అంటే ఆ వెర్షన్ డెబియన్ నుంచి రాలేదు, ఉబుంటు వాళ్లే సొంతంగా కట్టుకున్నారు. పెళ్లిపీటల మీద ప్రవర చదివినట్టు ఆ నాలుగక్షరాలు వంశమంతా చెప్పేస్తాయి. జాబితా కిందికి జరిపేకొద్దీ ఒకటి అర్థమవుతుంది: ఎక్కువ భాగం ఉబుంటు ముట్టుకోనిదే.

మింట్ దారి వేరు. అది చాలావరకు కంపైల్ కూడా చేసుకోదు. ఉబుంటు సర్వర్ల నుంచి తయారైన ప్యాకేజీలనే నేరుగా తీసుకుంటుంది. తనవైన కొన్నింటిని చిన్న భాండాగారంలో పెట్టి, వాటికి ఎక్కువ ప్రాధాన్యం ఇమ్మని సిస్టమ్‌కు చెబుతుంది. కాబట్టి మింట్ వాడేవాళ్లు రోజూ ఉబుంటునూ, దాని వెనక డెబియన్‌నూ వాడుతున్నట్టే.

మరి డెబియన్ ఉండగా ఉబుంటు విడిగా ఎందుకు? మొదట క్యాలెండర్ కోసం. ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్ వలంటీర్లది. నాయకుణ్ణి ఏటా ఓటేసి ఎన్నుకుంటారు, సిద్ధమైనప్పుడే విడుదల చేస్తారు. 2002 జులైలో ‘వుడీ’ వస్తే, తర్వాతి ‘సార్జ్’ 2005 జూన్‌కు గానీ రాలేదు. ఆ మధ్యలో, 2004 అక్టోబరులో, అంతకుముందు డెబియన్‌లోనే పనిచేసిన మార్క్ షటిల్‌వర్త్ ఉబుంటు తెచ్చాడు. డెబియన్‌లో ఇంకా మారుతూ ఉండే ‘సిడ్’ శాఖను తీసుకుని, ఆరు నెలలకోసారి సరిదిద్ది, చెప్పిన నెలలో విడుదల చేయడం అతని పద్ధతి. ఇంటి కంప్యూటర్లకు లినక్స్ దగ్గరైంది ఆ క్రమశిక్షణ వల్లేనని నేను గట్టిగా నమ్ముతాను.

లోతుగా విడిపోయినవి మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. కంప్యూటర్ ఆన్ కాగానే సేవలన్నిటినీ లేపే ‘అప్‌స్టార్ట్’ను ఉబుంటు 2006లో సొంతంగా తెచ్చుకుంది. 2014 ఫిబ్రవరిలో డెబియన్ సాంకేతిక కమిటీ అదే పని చేసే ‘సిస్టమ్‌డీ’ని ఎంచుకుంది. కొద్ది రోజులకే షటిల్‌వర్త్ తామూ అటే వెళ్తామని ప్రకటించాడు. 2011లో డెస్క్‌టాప్‌కు తెచ్చిన ‘యూనిటీ’నీ 2017లో వదిలేసి గ్నోమ్ డెస్క్‌టాప్‌కు తిరిగొచ్చారు. మాతృ ప్రాజెక్టుకు ఒప్పజెప్పని ప్రతి మార్పునూ ప్రతి విడుదలకూ మళ్లీ అతికించుకోవాలి. ఆ చాకిరీ ఏళ్ల తరబడి మోయడం ఉబుంటు వెనకున్న డబ్బున్న కంపెనీకే బరువైంది.

క్లెమెంట్ లెఫెబ్రే నడిపే మింట్ అందుకే నాకు నచ్చుతుంది. అది తక్కువ చోట్ల విభేదిస్తుంది, విభేదించిన చోట గట్టిగా నిలబడుతుంది. పాత అలవాటు పోగొట్టని సినమన్ డెస్క్‌టాప్ ఒకటి. రెండోది ఉబుంటు తెచ్చిన ‘స్నాప్’ అనే వేరే ప్యాకేజీ పద్ధతి విషయం. ఉబుంటులో మామూలు పద్ధతిలో క్రోమియం బ్రౌజర్ కోరినా, అది స్నాప్‌ను వెంటబెట్టుకొచ్చేది. 2020లో వచ్చిన మింట్ 20, వాడేవాళ్లు కోరితే తప్ప స్నాప్ దిగకుండా అడ్డుపెట్టింది. అందుకు ఒక చిన్న సెట్టింగ్ ఫైలు సరిపోయింది, దాన్ని ఎవరైనా తీసేయవచ్చు. పైగా రేపు ఉబుంటు లేకపోయినా బతకాలని, నేరుగా డెబియన్ మీద కట్టిన ఇంకో మింట్‌ను 2010 నుంచి నడుపుతున్నారు. దూరదృష్టి అంటే అదే.

మాతృ ప్రాజెక్టు మంచితోపాటు దాని పొరపాటూ దిగివస్తుంది. 2006లో డెబియన్‌లో, గుప్తీకరణకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు చేసిన చిన్న సవరణ రహస్య తాళాలను ఊహించగలిగేలా చేసింది. ఒక్కో రకం తాళానికి 32,768 అవకాశాలే మిగిలాయి. సంగతి బయటపడింది 2008 మేలో. ఆలోగా ఆ సవరణ చేరిన ఉబుంటు విడుదలల్లో తయారైన తాళాలూ చెడ్డవే అయ్యాయి.

సరిదిద్దడానికీ దారి అదే. మన దేశంలో ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన ‘బాస్’ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే. తెలుగు ఫాంట్లు, కీబోర్డు అమరికలు డెబియన్ ప్యాకేజీలుగానే ఉబుంటు, మింట్, బాస్ మూడింటికీ చేరతాయి. ఒక ఒత్తు తప్పుగా కనిపిస్తే ఉబుంటు వాళ్లు ఒకసారి, మింట్ వాళ్లు ఒకసారి విడివిడిగా దిద్దుకోవడం శ్రమ దండగ. అందుకే తెలుగులో కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరికీ నా విన్నపం: లోపం కనిపిస్తే ముందు ఆ ప్యాకేజీ వెర్షన్ చూడండి. ‘ఉబుంటు’ అన్న మాట లేకపోతే, డెబియన్ లైవ్ డిస్క్‌లోనూ అదే లోపం ఉందేమో పరీక్షించి, అక్కడికే రాయండి. ఖాతా తెరవనక్కర్లేదు, ఒక ఈమెయిల్ చాలు.