డై ఎక్కించక ముందు

బైపాస్ అయిన మనిషి ఛాతీ నొప్పితో మళ్లీ వస్తే, డై ఎక్కించక ముందు ఒక సీటీ తీయమని నేను పట్టుబడతాను. ఆ స్కాన్ అనవసరం అనుకునేవాళ్లున్నారు. డై వెళ్లాక బృహద్ధమని తెల్లగా వెలుగుతుంది, అందరి చూపూ దాని మీదే. అయితే కుట్టు గోడను కోసేయకుండా సర్జన్ దన్నుగా పెట్టే ఫెల్ట్ ముక్కలు కూడా సీటీలో తెల్లగానే ఉంటాయి. డై ఉన్న బొమ్మ ఒక్కటే చూస్తే గోడ దాటి రక్తం సంచి కట్టిందేమోనని భయం వేస్తుంది. డై లేని బొమ్మలోనూ అక్కడ అదే తెలుపు ఉంటే అది ఫెల్ట్. డై వచ్చాకే వెలిగితే ఆ రక్తపు సంచే, అంటే సూడో అన్యూరిజమ్. సర్జన్‌కు వెంటనే ఫోన్ చేయాలి. గోడ పొరల మధ్య కొత్తగా చేరిన రక్తం నెలవంకలా తేలేది కూడా ఆ మొదటి స్కాన్‌లోనే.

బృహద్ధమని లోపలి పొర చిరిగితే, ఆ చీలిక ఎక్కడుందో చెబితే సరిపోదు, ఏ దారిన పడిందో తెలియాలి. గజ్జ దగ్గర నుంచి తీగ పంపినప్పుడు పడే చీలిక ప్రవాహానికి ఎదురు సాగుతుంది. పైనుంచి వచ్చే రక్తమే చిరిగి లేచిన రేకును గోడకు అదిమేస్తుంది గనుక చాలాసార్లు కోత లేకుండానే మానుతుంది. బైపాస్‌లో గొట్టం దూర్చిన చోటో, క్లాంపు బిగించిన చోటో మొదలైనది ప్రవాహంతో పాటే పరిగెడుతుంది. యాంజియోప్లాస్టీలో గుండె రక్తనాళం మొదట్లో మొదలై బృహద్ధమనిలోకి పాకే చీలికలను 2000లో డన్నింగ్ బృందం వర్గాలుగా విడదీసింది. 4 సెంటీమీటర్లలోపు ఆగినవి నాళం ముఖద్వారంలో స్టెంట్ వేస్తే కుదుటపడ్డాయి, దాటినవి ప్రాణం మీదికి తెచ్చాయి. అందుకే ఆ పొడవు కొలవడానికి ఈసీజీ లయతో కలిపి స్కాన్ తీయాలంటాను. లేకుంటే గుండె కదలికే రెండో గీతై చీలికలా కనిపిస్తుంది.

ఇంతా చేసి, స్కాన్ కోరుతూ నా చేతికొచ్చే కాగితం మీద ‘ఛాతీ నొప్పి’ అని మాత్రమే ఉంటుంది. చికిత్సలో జరిగిన గాయమని రాయడానికి చెయ్యి రాదు, అర్థం చేసుకోగలను. ఎంత నేర్పరి చేతిలోనైనా అరుదుగా జరుగుతుంది. కానీ దాచిన ఆ ఒక్క వాక్యం కోసమే మేం చీకటి గదిలో వెతుక్కుంటాం.

సూడో అన్యూరిజమ్ ఏళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడో బైపాస్ అయి ఉంటే, దగ్గుకు స్కాన్ తీయించినా సరే, ఆ సంగతి టెక్నీషియన్‌కు చెప్పండి. పాత డిశ్చార్జ్ సమ్మరీ వెంట తీసుకెళ్లండి.