మాండవ్యుని మౌనం, పూరీ పెట్టె: హత్యానేర నిరూపణలో సాందర్భిక సాక్ష్యం

1937 మార్చి 23న పూరీ రైల్వేస్టేషనులో, ఒక మూడో తరగతి బోగీలో, ఎవరూ దించుకోని ఇనుపపెట్టె కనబడింది. తెరిస్తే ఏడు ముక్కలుగా ఖండించిన శవం. మృతుడు పిఠాపురం వాసి. అక్కడి దివాను కొలువులో బంట్రోతుగా పనిచేసినవాడు. హత్యను కళ్ళారా చూసినవారు లేరు. బరంపురంలో ఉండే దివాను అల్లుడు పాకాల నారాయణస్వామిపై మోపిన ఈ కేసు ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1939లో లార్డ్ అట్కిన్ వెలువరించిన తీర్పు నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులకు పాఠ్యాంశమే. కథనాన్ని అధ్యయనం చేసే మనకూ అది పనికివస్తుందని నా అభిప్రాయం.

ప్రత్యక్షసాక్షి లేనప్పుడు న్యాయస్థానానికి మిగిలేవి సంఘటన తాలూకు ఆనవాళ్లే. ఇక్కడి ఆనవాళ్లు ఇవి: 1936లో నిందితుని భార్య నూటికి 18 వడ్డీతో మృతుని వద్ద చేసిన మూడువేల రూపాయల అప్పు, రమ్మని వచ్చిన ఉత్తరం, బాకీ వసూలుకు బరంపురం వెళ్తున్నానని మృతుడు ఇంట్లో భార్యతో అన్న మాట, ఆ పెట్టె కొనుగోలు. విడివిడిగా ఇవేవీ హత్యను చెప్పవు. అప్పిచ్చినవాడు వసూలుకు బయలుదేరడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. మృతుని మాటను సాక్ష్యంగా స్వీకరించిన ప్రీవీ కౌన్సిల్, అతడు తన ఇంటికి వచ్చాడని నిందితుడు పోలీసులతో చెప్పిన మాటను మాత్రం చెల్లదని పక్కన పెట్టింది. కథకు అతికినట్టు సరిపోయే వాక్యమది. కథకుడైతే దాన్ని ఎన్నటికీ వదులుకోడు. న్యాయమూర్తి వదులుకోవలసి వచ్చింది.

ఇలా వదులుకోకపోతే ఏమవుతుందో నన్నయ ఆదిపర్వంలో తెలిగించిన మాండవ్యోపాఖ్యానం చూపుతుంది. దొంగలు రాజధనంతో ఆశ్రమంలో దూరతారు. వెంటాడివచ్చిన భటులు అడిగితే మౌనవ్రతంలో ఉన్న ముని పలకడు. సొత్తూ దొంగలూ అక్కడే దొరుకుతారు. వారితోపాటు మునినీ కొరత వేస్తారు. ఇందులో అబద్ధపు సాక్ష్యం ఒక్కటీ లేదన్నది గమనించాలి. సొత్తు దొరకడం నిజం, మౌనమూ నిజమే. తార్కికుల మాటలో చెప్పాలంటే హేతువు వ్యభిచరించింది: సొత్తు ఉన్నచోట దొంగతనంలో భాగం ఉండితీరాలన్న నియమం లేదు. మౌనం అర్ధాంగీకారమన్న నానుడి పెళ్ళిచూపుల్లో చెల్లుతుందేమో, విచారణలో చెల్లదు. నారదస్మృతి వ్యవహారనిర్ణయాన్ని చర్చిస్తూ ఈ మాండవ్యుణ్ణే ఉదాహరించింది.

1984లో శరద్ బిర్ధిచంద్ సార్డా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పంచసూత్రాలూ, 1989లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన పడాల వీరారెడ్డి కేసులో పేర్కొన్న నియమాలూ ఈ దోషానికి విరుగుడే. నిరూపితమైన పరిస్థితులు నిందితుని దోషిత్వానికి తప్ప వేరే వివరణకు తావివ్వరాదు. నేరం ‘చేసి ఉండవచ్చు’ అంటే చాలదు, ‘చేసి ఉండాలి’ అనగలగాలి. తెలుగులో చిక్కు ఇక్కడే వస్తుంది. ‘వాడే చంపి ఉండాలి’ అన్న వాక్యం మన వాడుకలో నిశ్చయాన్ని చెప్పదు. ఊహనే కాస్త గట్టిగా చెబుతుంది. ‘వాన పడి ఉండాలి’ అన్నవాడు వానను చూడలేదు. కనుక సూత్రాన్ని మాటకు మాటగా తెనిగిస్తే అది వారించదలచిన ఊహనే ఆమోదించినట్టవుతుంది. ‘మరొకరు చంపి ఉండటానికి వీల్లేదు’ అన్న వ్యతిరేకరూపమే దాని అసలు భావానికి దగ్గర. న్యాయపరిభాషను తెలుగులో రూపొందించేవారు క్రియారూపాలపై ఇంత శ్రద్ధ పెట్టినట్టు కనబడదు.

తీర్పుల్లో ఈ సాక్ష్యాన్ని గొలుసుతో పోలుస్తారు. చీరాలలో మగ్గాల నడుమ పాఠం చెప్పే నాకు పడుగు మరింత దగ్గరి పోలిక. పోగు తెగినచోట నేతగాడు మగ్గం ఆపి అతుకుతాడు. పక్కపోగులను లాగి ఖాళీని కప్పడు.

చీరాలకు మరీ దూరం కాని ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో ఒక ఫార్మసీ విద్యార్థిని హాస్టలులో హత్యకు గురైంది. చూసినవారు లేరు. 2010లో విజయవాడ మహిళా న్యాయస్థానం ఒక యువకునికి యావజ్జీవ శిక్ష విధించింది. 2017 మార్చి 31న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అప్పటికి అతడు ఎనిమిదేళ్లు జైల్లో గడిపాడు. మరుసటి ఏడాది హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది, ఎవరు చంపారన్న ప్రశ్న మళ్ళీ మొదటికి వచ్చింది.